కోర్టు మీద రాసే ముందు, నోటీసు వచ్చాక

రాత్రి పదకొండున్నరకు మా జూనియర్ దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది. "మేడమ్, ఇది ఫేస్‌బుక్‌లో పెడుతున్నా. ఒకసారి చూస్తారా?" కింద పన్నెండు లైన్లు. మొదటిది, "మా కోర్టులో న్యాయం సంతలో సరుకైపోయింది." చివరిది, "41 వాయిదాల వెనక ఎన్ని కవర్లు చేతులు మారాయో ఆ పైవాడికే తెలియాలి." ఆ రోజే కేసు మళ్ళీ వాయిదా పడింది. క్లయింటు డెబ్బై దాటిన ఆవిడ. పొలం గట్టు తగాదా. రెండు బస్సులు మారి వస్తుంది. సాయంత్రం కోర్టు మెట్ల మీద కూర్చుని, "ఇంకెన్నాళ్ళు బాబూ" అని వీణ్ణి అడిగిందట. కుర్రాడికి కోపం రావడంలో తప్పేం లేదు. "పెట్టకు. పొద్దున ఏడింటికి ఆఫీసుకు రా" అని కొట్టి ఫోను బోర్లించాను.

నేను తెనాలిలో ప్లీడరుని. ఎన్‌రోల్ అయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇల్లు సివిల్ కేసుల మీద గడుస్తుంది. విచారణ ఖైదీల కోసం తిరగడం, కోర్టుల తీరు మీద కరపత్రాలు వేయడం నా రెండో పని. దాంట్లో డబ్బులు రావు, మాటలు వస్తాయి. ఒకసారి సంజాయిషీ కూడా రాసుకున్నాను. కాబట్టి కోర్టు మీద రాయొద్దని చెప్పడానికి ఇదంతా చెప్పడం లేదు. రాయండి. ఎలా రాయాలి, రాశాక కాగితం వస్తే ఏం చేయాలి అన్నదే నేను చెప్పగలిగింది. జూనియర్లకు ఇది నేర్పేటప్పుడు నేను ముందు పెట్టుకునేది ప్రశాంత్ భూషణ్ మీద 2020లో నడిచిన కేసు. సుప్రీంకోర్టులో దశాబ్దాలుగా ప్రజాప్రయోజన వ్యాజ్యాలు నడిపిన లాయరు, రెండు ట్వీట్లకు కోర్టు ధిక్కరణ కింద దోషి అయ్యారు. ఆయన ఎక్కడ జారారో, ఎక్కడ నిలబడ్డారో రెండూ పనికొచ్చే పాఠాలే.

చట్టం ఏమంటుందంటే

మనవాళ్ళు రోజూ వినే కంటెంప్ట్, అంటే కోర్టు ధిక్కరణ, వేరు. ఆర్డరు ఇచ్చినా తహసీల్దారు అమలు చేయలేదని వేస్తామే, అది సివిల్ ధిక్కరణ. రాతలకు, మాటలకు వచ్చేది క్రిమినల్ ధిక్కరణ. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టంలో 2(సి) తీసి చూడండి. కోర్టును అప్రతిష్ఠ పాలు చేయడం, లేదా చేసేలా ఉండడం. నడుస్తున్న కేసుకు అడ్డం రావడం. న్యాయపాలనకు మరేవిధంగానైనా అడ్డు తగలడం. ఇందులో "చేసేలా ఉండడం" అన్న మాట కింద ఎర్ర గీత గీసుకోండి. నిజంగా పరువు పోయిందని ఎవరూ రుజువు చేయనక్కర్లేదు. ఈ చట్టం మనకు నేర్పిన ఇంగ్లండు తన దగ్గర ఈ అప్రతిష్ఠ నేరాన్ని 2013లోనే తీసేసింది. మన దగ్గర ఉంది, ఉంటుంది కూడా, ఎందుకంటే సుప్రీంకోర్టుకు 129వ అధికరణం, హైకోర్టులకు 215వ అధికరణం ఆ అధికారాన్ని రాజ్యాంగం నుంచే ఇచ్చాయి.

శిక్ష గరిష్ఠంగా ఆరు నెలల సాధారణ జైలు, రెండు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండు వేలే కదా అని నవ్వేవాళ్ళున్నారు. లాయరుకు భయం జరిమానాతో కాదు, నల్లకోటుతో. ఆ సంగతి చివర్లో.

రక్షణలు కూడా అదే చట్టంలో ఉన్నాయి. 4వ సెక్షన్: కోర్టులో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు, సరిగ్గా రాస్తే ధిక్కరణ కాదు. 5: విచారణ జరిగి, చివరిదాకా తేలిపోయిన కేసు మీద న్యాయమైన విమర్శ ధిక్కరణ కాదు. 6: కింది కోర్టు జడ్జి మీద సద్భావంతో హైకోర్టుకు ఫిర్యాదు చేస్తే ధిక్కరణ కాదు. 13: నిజం చెప్పాను అనే వాదన. ఇది 2006 సవరణతో వచ్చింది. కానీ ప్రజాప్రయోజనం ఉండాలి, సద్భావం ఉండాలి, అప్పుడు కోర్టు అనుమతించవచ్చు. అనుమతించాలి అని లేదు, అనుమతించవచ్చు అని ఉంది. నిజమే రాశాను, నాకేం భయం అని గుండెలు చరుచుకునే ముందు ఆ క్రియాపదాన్ని ఇంకోసారి చదవండి.

ఆ పన్నెండు లైన్లు

పొద్దున ఏడింటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాఫీ ఇచ్చి, ఫోనులో ఈ-కోర్ట్స్ యాప్ తెరవమన్నాను. సిఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) కొడితే వాయిదాల చరిత్ర మొత్తం వస్తుంది. ప్రతి తేదీ మీద నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో ఒక ముక్క ఉంటుంది. మన డైరీ కూడా పక్కన పెట్టుకుని కాగితం మీద గళ్ళు గీసి లెక్క వేశాం. నలభై ఒక్క వాయిదాలు, ఆరేళ్ళలో. జడ్జి సెలవు లేదా పోస్టు ఖాళీ, 11. మా బార్ (లాయర్ల సంఘం) వాళ్ళు విధులు బహిష్కరించిన రోజులు, 9. సర్వేయరు రిపోర్టు రాలేదు, సాక్షికి సమన్లు అందలేదు, 8. అవతలి పక్షం గడువు అడిగింది, 4. కారణం రాయలేదు, 2. మిగిలిన ఏడు?

"మనమే అడిగాం మేడమ్" అన్నాడు. వాటిలో రెండు వీడి మేనమామ కూతురి పెళ్ళప్పటివి.

కోర్టు మీద రాయదలుచుకున్న ప్రతివాళ్ళూ ముందు చేయాల్సిన పని ఇదే. మన వేలు ఎటు చూపించబోతున్నామో, అటు వెళ్ళి ముందుగా లెక్క చూసుకోవాలి. ప్రశాంత్ భూషణ్‌కు దెబ్బ తగిలింది సరిగ్గా ఇక్కడే. 2020 జూన్ 29న ఆయన పెట్టిన ట్వీట్ అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే నాగపూర్‌లో ఖరీదైన మోటార్ సైకిల్ మీద కూర్చున్న ఫొటో గురించి. మాస్కు లేదు, హెల్మెట్ లేదు, సుప్రీంకోర్టును మాత్రం లాక్‌డౌన్‌లో ఉంచి పౌరులకు న్యాయం అందకుండా చేస్తున్నారు అన్నది దాని సారాంశం. తీర్పులో కోర్టు ఏం చేసిందంటే, లెక్కలు తీసింది. 2020 మార్చి 23 నుంచి ఆగస్టు 4 వరకు బెంచీలు 879 సార్లు కూర్చున్నాయి, 12,748 కేసులు విన్నాయి, 32వ అధికరణం కింద, అంటే ప్రాథమిక హక్కుల కోసం నేరుగా వేసే, 686 రిట్లు చూశాయి అంది. అంతటితో ఆగలేదు. ఆ కాలంలో మీరే వీడియో కాన్ఫరెన్సులో వాదించారు కదా, మీ మీద గుజరాత్‌లో ఎఫ్ఐఆర్ పడితే మీరే మా దగ్గరికి వచ్చి రక్షణ తీసుకున్నారు కదా అని గుర్తు చేసింది. వీడియోలో వినడం అందరికీ న్యాయం అందడం కాదని వాదించడానికి బోలెడంత చోటుంది, నా మటుకు నేను ఒప్పుకుంటాను కూడా. మా ఊళ్ళో ఆ రోజుల్లో సిగ్నల్ కోసం మేడెక్కి వాదించిన ప్లీడర్లున్నారు. కానీ ఒక ట్వీట్‌లో అంత వాదన పట్టదు. పట్టనప్పుడు ఎదుటివాడి అంకె గెలుస్తుంది.

ఇక రెండో సంగతి. మా కేసు ఇంకా నడుస్తోంది. 5వ సెక్షన్ రక్షణ తేలిపోయిన కేసులకే. నడుస్తున్న కేసులో, అదీ ఒక పక్షం ప్లీడరై ఉండి ఫేస్‌బుక్‌లో తీర్పులు చెబితే, అప్రతిష్ఠ సంగతి తర్వాత, కేసుకు అడ్డం వస్తున్నావని అంటారు. అనడంలో న్యాయం కూడా ఉంది. అందుకని కేసు నంబరు, పార్టీల పేర్లు, గట్టు ఎవరిది అన్న ముచ్చట పోస్టులో ఉండకూడదు. వాయిదాల లెక్క మాత్రమే. దానికీ ఆ పెద్దావిడను అడిగే పెట్టాలి. ఆమె కష్టం మన పోస్టుకు సరుకు కాదు.

మూడోది కవర్లు. "నీ దగ్గర రుజువుందా?" అన్నాను. లేదు. "అనుమానం ఉందా?" కోపం మాత్రమే ఉంది. జడ్జి చేసిన పనిని విమర్శించడం ఒకటి, జడ్జి మనసులో ఉన్న ఉద్దేశాన్ని మనమే కల్పించి చెప్పడం ఇంకొకటి. ధిక్కరణ కేసుల చరిత్రంతా ఆ రెండింటి మధ్య గట్టు తగాదానే. కేరళ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1967లో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్, జడ్జీలు వర్గ ప్రయోజనాలకు, వర్గ ద్వేషానికి లోబడి ఉంటారని విలేకరులతో అన్నారు. హైకోర్టు వెయ్యి రూపాయల జరిమానా వేసింది. 1970లో సుప్రీంకోర్టు దాన్ని యాభైకి తగ్గించింది గానీ దోషి కాదనలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత మన హైదరాబాదు మనిషి, ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జిగా చేసిన పి. శివశంకర్, కేంద్రమంత్రి హోదాలో 1987 నవంబరు 28న హైదరాబాద్‌లో లాయర్ల సభలో ఇంతకంటే ఘాటుగా మాట్లాడారు. విదేశీ మారక చట్టం ఉల్లంఘించినవాళ్ళు, కోడళ్ళను తగలబెట్టినవాళ్ళు సుప్రీంకోర్టులో ఆశ్రయం పొందుతున్నారన్నారు. 1988లో సుప్రీంకోర్టు అది ధిక్కరణ కాదంది. వ్యవస్థ ఏ వర్గాల నుంచి వచ్చింది, ఎవరికి మేలు చేస్తోంది అని పరిశీలించడం విమర్శే అంది, కొన్ని మాటలు మానుకుని ఉండాల్సిందని మందలిస్తూనే. మంత్రి కాబట్టి వదిలేశారని బార్ రూములో ఇప్పటికీ అంటుంటారు. ఇ.ఎం.ఎస్. ముఖ్యమంత్రి అని ఎవరైనా గుర్తు చేస్తే మాట మారుస్తారు.

అసలు రుజువే ఉందనుకోండి. అప్పుడు ఫేస్‌బుక్ తప్పు కౌంటరు. 6వ సెక్షన్ ఉన్నది అందుకే. హైకోర్టు రిజిస్ట్రీకి, విజిలెన్సు విభాగానికి రాయండి. ఉత్తరం కాదు, ప్రమాణం చేసిన అఫిడవిట్, తేదీలు, కాగితాల నకళ్ళు. ఆకాశరామన్న ఉత్తరాలు బుట్టలోకి పోతాయి. అందరి తరఫునా మాట్లాడాలంటే బార్ అసోసియేషన్ తీర్మానం ఇంకో దారి. ముజఫర్‌నగర్ జిల్లా బార్ వాళ్ళు 1949లో ఇద్దరు అధికారుల పనితీరు బాగోలేదని తీర్మానం చేసి పై అధికారులకు పంపితే కంటెంప్ట్ పెట్టారు. 1953లో సుప్రీంకోర్టు కొట్టేసింది. వాళ్ళు ఊరంతా చాటింపు వేయలేదు, ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పారు. ఆ తేడా పనిచేసింది.

ఫార్వర్డ్ చేశానంతే, నేను రాయలేదు అనే మాట మీద నమ్మకం పెట్టుకోకండి. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2020 మేలో సోషల్ మీడియా పోస్టులు, మాటల మీద 49 మందికి నోటీసులిచ్చింది, అక్టోబరులో సీబీఐ విచారణకు ఆదేశించింది. రాత్రి రెండు పెగ్గుల మీద కొట్టిన కామెంటు సీబీఐ దాకా వెళ్తుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

లాయర్లకు ఇంకో మాట. పిటిషన్లో రాస్తే క్లయింటు మాటే కదా, మన మాట కాదు అనుకుంటాం. కాదు. సంతకం పెట్టే ముందు ఆధారం ఉందో లేదో చూసుకోని లాయరు కూడా దోషే అని సుప్రీంకోర్టు 1950ల్లోనే చెప్పింది. 2025లో తెలంగాణ హైకోర్టు జడ్జి మీద ట్రాన్స్‌ఫర్ పిటిషన్లో ఆరోపణలు రాసినందుకు క్లయింటుతోపాటు లాయర్లు కూడా ఆ జడ్జి ముందే క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

తొమ్మిదింటికల్లా పన్నెండు లైన్లు ఆరయ్యాయి. ఇలా వచ్చింది: "మా దగ్గర ఒక సివిల్ దావా ఆరేళ్ళలో 41 సార్లు వాయిదా పడింది. పదకొండు సార్లు జడ్జి లేరు. తొమ్మిది సార్లు మేం లాయర్లం పని మానేశాం. ఎనిమిది సార్లు సర్వేయరో సాక్షో రాలేదు. ఏడు సార్లు మేమే గడువు అడిగాం, నాలుగు సార్లు అవతలివాళ్ళు. రెండు సార్లు ఎందుకో రికార్డులో లేదు. ఖాళీ పోస్టులు నింపని ప్రభుత్వాన్ని, హైకోర్టును అడుగుతున్నాను. మా బార్‌ను కూడా అడుగుతున్నాను." చదివి, "చప్పగా ఉంది మేడమ్" అన్నాడు. చప్పగానే ఉంది. కానీ ఇందులో ఏ వాక్యాన్నయినా రేపు అఫిడవిట్‌లో పెట్టి ప్రమాణం చేయమంటే చేయగలడు. నేను చూసే పరీక్ష అదొక్కటే.

కాగితం వచ్చినప్పుడు

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా నోటీసు రావచ్చు. ఎలా వస్తుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. కింది కోర్టు తన మీద రాసిన రాతకు తానే ఈ చట్టం కింద శిక్ష వేయలేదు, హైకోర్టుకు నివేదిస్తుంది. (కోర్టు హాల్లో నిలబడి అరిస్తే వేరే సెక్షన్లున్నాయి, అక్కడికక్కడే తేలుస్తారు.) బయటివాళ్ళు ఎవరైనా మీ మీద వేయాలంటే 15వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వ పెద్ద లాయరైన అడ్వొకేట్ జనరల్, సుప్రీంకోర్టులో అయితే కేంద్రం తరఫు అటార్నీ జనరల్ లేదా సొలిసిటర్ జనరల్, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఇది మంచి జల్లెడ. కానీ కోర్టు తనంతట తాను తీసుకుంటే జల్లెడ ఉండదు. భూషణ్ విషయంలో ఒక లాయరు వేసిన పిటిషన్‌కు అటార్నీ జనరల్ అనుమతి లేదు. కోర్టు దాన్ని పక్కన పెట్టి, సుమోటోగా తీసుకుని జులై 22న నోటీసు ఇచ్చింది. ఆగస్టు 5న వాదనలు, 14న 108 పేజీల తీర్పు, 31న శిక్ష. నలభై రోజులు! అదే మనిషి మీద అదే కోర్టులో 2009 నాటి ఇంకో ధిక్కరణ కేసు పదమూడేళ్ళు సాగింది. వేగం మన చేతుల్లో ఉండదు, అందుకే మొదటి రోజు నుంచే కాగితాలు సర్దుకోవాలి.

నోటీసు అందిన తేదీ, ఎవరు ఇచ్చారు, కవరు, అన్నీ దాచండి. పోస్టు చెరిపే ముందు స్క్రీన్‌షాట్లు తీయండి, తేదీ, లింకు కనబడేలా, కింద కామెంట్లతో సహా. చెరపాలా వద్దా అన్నది మీ లాయరుతో మాట్లాడాక. అప్పటికే ఆ వేదికే తీసేయవచ్చు. భూషణ్ ట్వీట్లను ట్విట్టర్ తానే కనబడకుండా చేసింది, కోర్టు దాన్ని కేసు నుంచి వదిలేసింది. ధిక్కరణ జరిగిన ఏడాది లోపే చర్య మొదలుకావాలని 20వ సెక్షన్, పోస్టు తేదీ చూసుకోండి. మొదటి పాయింటు అక్కడే దొరకవచ్చు. నోటీసు ఫొటో తీసి "చూడండి నన్ను భయపెడుతున్నారు" అని పోస్టు పెట్టకండి. టీవీ చర్చలకు వెళ్ళకండి. పిలిచిన తేదీకి మినహాయింపు ఇస్తే తప్ప మీరే స్వయంగా వెళ్ళాలి, మా వైపు వాళ్ళయితే నేలపాడులోని హైకోర్టులో పది గంటలకల్లా. సొంత కేసు మీరే వాదించుకోకండి. ప్రశాంత్ భూషణంతటి మనిషి సీనియర్ లాయర్లు దుష్యంత్ దవేను, రాజీవ్ ధవన్‌ను పెట్టుకున్నారు.

కౌంటరు, అంటే నోటీసుకు రాతలో ఇచ్చే జవాబు, రాసే పద్ధతి నేను ఇలా చెబుతాను. తెల్ల కాగితం మీద మూడు గళ్ళు గీసి, మీ రాతలో ప్రతి వాక్యాన్నీ ఒక గడిలో వేయండి. మొదటి గడి వాస్తవం, రుజువు ఉన్నది. రెండోది అభిప్రాయం. మూడోది తప్పు, లేదా రుజువు చేయలేనిది. భూషణ్ బైకు ట్వీట్‌ను ఇలా విడగొట్టి చూస్తే, ఫొటో వాస్తవం. హెల్మెట్ లేదన్నది మూడో గడి, ఎందుకంటే బండి స్టాండు మీద నిలిపి ఉంది, నడపడం లేదు, హెల్మెట్ అవసరమే లేదు. తన కౌంటరులో మొదట ఆయన చేసిన పని అదే. స్టాండు గమనించలేదు, ఆ ముక్కకు విచారిస్తున్నాను, మిగిలినదానికి కట్టుబడి ఉన్నాను అన్నారు. మిగిలినది రెండో గడి. అంతకు రెండు రోజుల ముందు, జూన్ 27న పెట్టిన మొదటి ట్వీట్ మొత్తం రెండో గడే. గత ఆరేళ్ళలో ప్రజాస్వామ్యం ధ్వంసం కావడంలో సుప్రీంకోర్టు పాత్రను, ముఖ్యంగా చివరి నలుగురు ప్రధాన న్యాయమూర్తుల పాత్రను చరిత్రకారులు గుర్తిస్తారన్న మాట అది. అది ఎందుకు తన నిజాయితీ గల అభిప్రాయమో చెప్పడానికి వందకు పైగా పేజీలు దాఖలు చేశారు. కోర్టు ఒప్పుకోలేదు. కానీ ఆ కౌంటరు చదివినవాడికి ఈయన ఏది తెలిసి రాశాడు, ఏది తొందరపడి రాశాడు అన్నది స్పష్టంగా తెలుస్తుంది. తీర్పు కూడా బైకు ముక్క వ్యక్తి మీద విమర్శ అని పక్కన పెట్టి, కోర్టు మీద అన్న మాటలనే పట్టుకుంది. మూడో గడిని మీరే ఖాళీ చేస్తే, కొట్లాట రెండో గడి మీదే జరుగుతుంది. అక్కడ జరగాల్సిన కొట్లాటే అది.

13(ఎ) కూడా కౌంటరులో రాయించండి. న్యాయ ప్రక్రియకు గణనీయంగా అడ్డం వచ్చేంతటిది, లేదా వచ్చేలా ఉన్నది కాకపోతే శిక్ష వేయకూడదని అందులో ఉంది. ఆరు లైన్ల పోస్టుకు పదిహేడు లైకులు వచ్చాయంటే ఆ సంగతి కూడా చెప్పుకోవచ్చు, సిగ్గు పడాల్సిన పనేం లేదు.

క్షమాపణ

అందరూ అడిగేది దీని గురించే. క్షమాపణ చెబితే పోదా?

పోవచ్చు. 12వ సెక్షన్ కోర్టుకు తృప్తి కలిగితే వదిలేయవచ్చంటోంది. షరతులతో కూడినదన్న ఒక్క కారణంతో నిజాయితీ గల క్షమాపణను తిరస్కరించకూడదని కూడా దాని వివరణలో ఉంది. ఇది చాలామంది లాయర్లకే గుర్తుండదు.

1998లో నేనొక కరపత్రం వేశాను. మా ఊళ్ళో ప్రెస్సులకు కొదవలేదు, అయిదు వందల కాపీలు సాయంత్రానికల్లా చేతికొచ్చాయి. ఒక కుర్రాడు దొంగతనం కేసులో పద్నాలుగు నెలలుగా విచారణ లేకుండా జైల్లో ఉన్నాడని రాశాను. అంతవరకు అక్షరం అక్షరం నిజం. చివర ఊపులో "మెజిస్ట్రేట్ ఆ ఫైలు ముట్టుకున్న పాపాన పోలేదు" అని కలిపాను. వారం తిరక్కుండా సంజాయిషీ అడిగారు. ఫైలు తీయించి చూస్తే తొమ్మిది డాకెట్లలో (ప్రతి వాయిదాకూ ఫైలులో రాసే ఆదేశాల్లో) ఆ మెజిస్ట్రేట్ స్వహస్తంతో రాసి ఉంది, పోలీసు ఎస్కార్ట్ లేక ముద్దాయిని హాజరు పరచలేదు, తేవాలని ఆదేశం అని. తొమ్మిది సార్లు ముట్టుకున్నాడు ఆయన. నా ముఖం చెల్లలేదు. నా సీనియర్ దగ్గరికి వెళ్ళి మొత్తం కరపత్రానికి క్షమాపణ రాసి ఇచ్చేస్తానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఆ ఒక్క లైనుకి చెప్పు. మిగతా పేజీకి కూడా చెప్పావంటే రేపట్నుంచి నా ఆఫీసు మెట్లెక్కకు" అన్నారు. ఒక్క లైనుకి చెప్పాను. ఒప్పుకున్నారు. పద్నాలుగు నెలల సంగతి అలాగే నిలిచింది. ఆ కుర్రాడికి బెయిలు ఆ నెల్లోనే వచ్చింది, నా వల్లో తొమ్మిది డాకెట్ల వల్లో చెప్పలేను.

భూషణ్ రెండు రకాలుగానూ చేశారు, అందుకే ఆయన ఉదాహరణ నాకిష్టం. 2009లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో మాజీ ప్రధాన న్యాయమూర్తుల అవినీతి గురించి అన్నదానికి వివరణ ఇచ్చి, విచారం చెప్పారు. 2022 ఆగస్టు 30న కోర్టు ఆ కేసు ముగించింది. ట్వీట్ల కేసులో మాత్రం ససేమిరా అన్నారు. 2020 ఆగస్టు 20న కోర్టు బేషరతు క్షమాపణకు 24 దాకా గడువిచ్చింది. శిక్ష వద్దని అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ స్వయంగా అడిగారు. అయినా భూషణ్, నిజమని నమ్మినదానికి మనసులో లేని క్షమాపణ చెబితే అది నా అంతరాత్మను ధిక్కరించడమే అవుతుందన్నారు. దయ అడగను, ఏ శిక్షయినా సంతోషంగా స్వీకరిస్తానన్న గాంధీ మాటలు చదివారు. నాకు ఈ రెండింటిలో ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. కానీ రెండోది చేయాలంటే ఇంట్లోవాళ్ళతో ముందు మాట్లాడండి. ఆరు నెలలు ఆఫీసు అద్దె ఎవరు కడతారు, గుమస్తా జీతం ఎవరిస్తారు, క్లయింట్ల ఫైళ్ళు ఎవరు చూస్తారు, ఇవన్నీ రాసి పెట్టుకోండి. పౌరుషం మనది, పస్తులు వాళ్ళవి కాకూడదు.

చేయకూడని పని ఒకటుంది: పొద్దున కోర్టులో క్షమాపణ చెప్పి, సాయంత్రం బార్ రూములో "ఊరికే చెప్పాలెండి" అని నవ్వడం. అది పైదాకా వెళ్ళిందా, రెండోసారి మీ మాటకు విలువ ఉండదు.

శిక్ష పడితే

భూషణ్‌కు పడింది ఒక్క రూపాయి. సెప్టెంబరు 15లోగా కట్టకపోతే మూడు నెలల జైలు, సుప్రీంకోర్టులో మూడేళ్ళు వాదించకుండా నిషేధం. నేను మొదట చెప్పిన నల్లకోటు భయం అదే. ధిక్కరణ కేసులో లాయరు లైసెన్సు రద్దు చేసే అధికారం కోర్టుకు లేదు, అది బార్ కౌన్సిల్ పని అని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. కానీ తన ముందుకు రాకుండా ఆపగలదు. ప్లీడరుకు రెండింటికీ పెద్ద తేడా ఉండదు. రాజీవ్ ధవన్ అప్పటికప్పుడు ఒక రూపాయి ఇచ్చారు, ఆ బిళ్ళతో భూషణ్ ఫొటో దిగారు. సెప్టెంబరు 14న కట్టేశారు, తీర్పును ఒప్పుకున్నట్టు కాదని చెప్పి, దాన్ని అదే కోర్టు మళ్ళీ చూడాలని రివ్యూ వేశారు. జరిమానా కట్టడం వేరు, తలొగ్గడం వేరు. కట్టే హక్కు, పోరాడే హక్కు రెండూ ఉంచుకోవచ్చు.

హైకోర్టు ధర్మాసనం శిక్ష వేస్తే 19వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకు అప్పీలు హక్కుగా ఉంది, అరవై రోజులు. సర్టిఫైడ్ కాపీకి ఆ రోజే దరఖాస్తు పెట్టండి, రేపనుకోకండి. సుప్రీంకోర్టే శిక్షిస్తే పైన ఇంకో కోర్టు లేదు, రివ్యూ ఒక్కటే ముందున్న దారి. ఇది సరికాదని, అప్పీలుకు అవకాశం కల్పించాలని భూషణ్ విడిగా రిట్ కూడా వేశారు.

మా వాడి పోస్టుకు నోటీసు రాలేదు. బార్ ప్రెసిడెంటు మాత్రం మూడు రోజులు నాతో మాట్లాడలేదు, బహిష్కరణల లెక్క పెట్టినందుకు. పోయిన మంగళవారం నలభై రెండో వాయిదా పడింది. సర్వేయరు రాలేదు. మా వాడు కొత్తగా కొన్న నోటు పుస్తకంలో తేదీ, కారణం రాసుకుని, పెద్దావిడను బస్సెక్కించి వచ్చాడు.